టమాటా మొక్కకి గాలాడాలి

గ్రీన్‌హౌస్ లేని పెరడు పెరడే కాదు. అది ఉత్త ఖాళీ జాగా!

ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. కొవ్వూరులో, గోదావరి గట్టుకి దగ్గర్లో కాపురముంటూ, పదేళ్లుగా పిల్లలకి సైన్సు పాఠాలు చెబుతూ, బాగా ఆలోచించి అంటున్నాను. మా నేలకి ఒక పెద్ద లోపం ఉంది. ఇక్కడ ఏది పడేసినా మొలుస్తుంది. అంట్లు తోమిన నీళ్లు పారే చోట టమాటా మొలుస్తుంది. విరిగిన మునగకొమ్మని దడికి అడ్డంగా గుచ్చితే అది కాస్తా చిగురేసి, పూసి, కాసి, పక్కింటివాళ్లకి కూడా ములక్కాడలు ఇస్తుంది. ఇలాంటి చోట తోటపనికి విలువేముంటుంది చెప్పండి? కష్టపడకుండా కాసిన కాయని ఎవరైనా ఫోటో తీసి పెట్టుకుంటారా?

ఆ లోటు తీర్చడానికే గ్రీన్‌హౌస్ వచ్చింది.

చలిదేశాలవాళ్లు మొక్కలకి వేడి చాలక గాజిళ్లు కట్టుకున్నారట. పాపం, వాళ్లది అవసరం. మే నెలలో రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకునే ఊళ్లో వేడిని పట్టి ఉంచే ఇల్లు కట్టుకోవాలంటే దానికి అవసరం చాలదండీ. అభిరుచి ఉండాలి!

ఆ అభిరుచి మా ఇంట్లో మావారికి పుట్టింది. మావారి పేరు రాజరత్నం. ఓ ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఫైలు ముందుకి కదలాలంటే ఎన్ని చోట్ల ఆగాలో తెలిసిన మనిషి. వానలు వెనకబట్టిన రోజుల్లో ఫోనులో ఒక వీడియో చూశారు. ఎవరో విదేశీయుడు, చుట్టూ మంచు, మధ్యలో మెరిసిపోతున్న గాజిల్లు, అందులో ఎర్రెర్రని స్ట్రాబెర్రీలు. ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు.

“కృపా, మన పెరట్లో స్ట్రాబెర్రీలు ఎందుకు లేవు?”

నేను చారు గిన్నె ఆయన వైపు జరిపాను. మా అత్తగారు వీరమ్మగారు మాత్రం వెంటనే చెప్పారు. “ఎవరూ అడగలేదు గనక లేవురా. నోర్మూసుకుని తిను.”

మా అత్తగారు వరినాట్లు వేసి, కోతలు కోసి, కొడుకుని చదివించిన మనిషి. మొక్కంటే ఆవిడకి కొత్తేం లేదు. అందుకేనేమో, ఆవిడలో అభిరుచి తక్కువ.

మర్నాటి నుంచి మా ఇంట్లో అసలు చదువు మొదలైంది. ఏ ఆకారం మంచిది? ఇది చిన్న ప్రశ్న అనుకునేరు! గ్రీన్‌హౌస్‌ని గుమ్మటంలా కట్టొచ్చు. ఎడ్లబండి గూడులా సొరంగం ఆకారంలో కట్టొచ్చు. పెంకుటింటి కప్పులా రెండు వాలుగా కట్టొచ్చు. పాకలా నేల దాకా దింపేయొచ్చు. ఒక్కోదానికి ఒక్కో గుణం, ఒక్కో దోషం. పెళ్లి సంబంధం చూసినా ఇంత విచారణ ఉండదు.

నేను పొద్దున ఇడ్లీలు పెడితే ఆయన ఒకదాన్ని బోర్లించి, దాని మీద చట్నీ పోసి, వానచుక్క ఎలా జారుతుందో పరీక్షించేవారు. మినపట్టు వేస్తే మడిచి పళ్లెంలో పాకలా నిలబెట్టి, ఇటు నుంచి ఊదేవారు. అట్టు పడిపోయేది. “చూశావా, గాలికి నిలవదు,” అనేవారు. అట్టు చల్లారిపోయేది. మళ్లీ వేడివేడిగా ఇంకోటి కావాలనేవారు. సైన్సు కోసం నేను వేసేదాన్ని.

ఇక ఆకారం తర్వాత లోపలి అమరిక. ఇది వినండి, ప్రతి అక్షరం బంగారం. వరసల మధ్య మనిషి అటూ ఇటూ తిరగడానికి ధారాళంగా చోటుండాలి. మొక్కల బల్లలు నడుం ఎత్తున ఉండాలి, లేకపోతే వంగి వంగి నడుం పట్టేస్తుంది. చేతికందే దూరంలో కుళాయి ఉండాలి. పొద్దుటి ఎండ రావాలి, సాయంత్రం ఎండ రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గాలి. చల్లగాలి కింద నుంచి రావాలి, వేడిగాలి పైనుంచి పోవాలి. ఇంట్లోకి ఎవరు వచ్చినా, పాలబ్బాయైనా సరే, మావారు వేలెత్తి చెప్పేవారు.

“వెంటిలేషన్ లేకపోతే మొక్క ఉక్కిరిబిక్కిరైపోతుందండీ. పాపం, నోరులేనిది. చెప్పుకోలేదు కదా!”

ఇంత దయ ఉన్న మనిషితో కాపురం చేస్తున్నానా అని నాకే ఆశ్చర్యం వేసింది.

పక్కింటి అప్పాజీగారు రైతు. ఊరవతల వరి, కొబ్బరి ఉన్నాయి. ఆయన గోడ మీంచి తొంగిచూసి, సొరంగం ఆకారానికే ఓటేశారు.

“రత్నం గారూ, నా మాటినండి. తుఫానొస్తే గుండ్రంగా ఉన్నదే నిలబడుద్దండి. బండి గూడు చూళ్లేదేంటండీ?”

“బండి గూట్లో స్ట్రాబెర్రీలు కాస్తాయా అప్పాజీ గారూ?”

“పెంకుటింట్లో మాత్రం కాస్తాయా ఏంటండీ?”

మాటా మాటా పెరిగింది. మావారు పెంకుటింటి వాలుని సమర్థిస్తూ గోడకి ఇటు, అప్పాజీగారు బండి గూడుని సమర్థిస్తూ గోడకి అటు. వారం తిరిగేసరికి ఇద్దరికీ మాటల్లేవు. ఇన్నేళ్లలో డ్రైనేజీ గురించి రాని తగువు, ఇంకా కట్టని ఇంటి ఆకారం గురించి వచ్చింది. నేనూ, అప్పాజీగారి భార్య బుల్లెమ్మగారూ మాత్రం గోడ మీంచి కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. ఆకారాల మీద మాకు పట్టింపు లేదు.

చివరికి పెరడే తీర్పు చెప్పింది. టేపు పెట్టి కొలిస్తే గుమ్మటం పట్టదు, బండి గూడు పట్టదు, పెంకుటిల్లు పట్టదు. మిగిలింది ఒక్కటే, ఇంటి గోడకి ఆనించి వసారా దింపినట్టు ఒంటివాలు. అదీ తూర్పు గోడకి, పొద్దుటి ఎండ పడేది అక్కడే గనక.

మా ఇంటికి తూర్పు గోడంటే వంటింటి గోడ.

వెల్డింగ్ పోతురాజు ఇనప గొట్టాలు, గాజులా వెలుతురు పోనిచ్చే పాలీకార్బనేట్ షీట్లు ఆటోలో వేసుకొచ్చాడు. ఇంతకుముందు ఎప్పుడూ గ్రీన్‌హౌస్ కట్టలేదట. “సైకిల్ స్టాండులు కట్టానండి, అలాంటిదే కదండి,” అన్నాడు ధైర్యంగా. మావారికి ఆ ధైర్యం నచ్చింది. గొట్టాలు నిలబెట్టాక పోతురాజు ఆగాడు.

“అయ్యగారూ, ఇక్కడ కిటికీ ఉందండి.”

“ఉంటే?”

“షీటు దీని మీదకే వచ్చేస్తదండి. కిటికీ తీస్తే లోపలి తేమంతా ఇంట్లోకి వచ్చేస్తదండి.”

“అయితే మూసేయ్. ప్లైవుడ్ కొట్టి స్క్రూలు బిగించేయ్. వంటిల్లే కదా!”

నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. “ఏవండీ, వంటింటికి ఉన్నదల్లా ఆ ఒక్క కిటికీయేనండి. పొగెలా పోతుంది?” అన్నాను.

“గుమ్మం ఉంది కదా కృపా. పొగకి తెలివుంటే అదే దారి వెతుక్కుంటుంది.” మావారు నవ్వి పోతురాజు వైపు తిరిగారు. “పైన వెంట్ మాత్రం వెడల్పుగా పెట్టు, ఏం? టమాటా మొక్కకి గాలాడాలి.”

“ఆయ్, అలాగేనండి.”

ఇందులో తప్పేముంది చెప్పండి? గాలి అనేది ఊళ్లో లెక్కగా ఉంటుంది. అందరికీ చాలదు. ఎవరికి ఎక్కువ అవసరమో చూసి ఇవ్వాలి. నోరున్న నేను గుమ్మం దగ్గరికెళ్లి పీల్చుకోగలను. టమాటా వెళ్లగలదా?

కొత్త ఇంటికి ప్రతిష్ఠ ప్రార్థన జరిపించడం మా సంఘంలో ఆనవాయితీ. మావారు పట్టుబట్టి మా లూథరన్ చర్చి పాస్టరు యెహెజ్కేలుగారిని పిలిచారు. ఆయన షేక్‌హ్యాండిచ్చి, ఇల్లెక్కడని అడిగి, వెనక్కి తీసుకెళ్తే కాసేపు కుండీల వంక చూశారు. తర్వాత కళ్లు మూసుకుని చక్కగా ప్రార్థన చేశారు. కళ్లు తెరిచేసరికి కళ్లద్దాల నిండా ఆవిరి. గుమ్మం కనపడక కొత్తిమీర ట్రేలో కాలు పెట్టారు. “ఆశీర్వాదం నేల మీద పడిందండీ,” అన్నారు మా అత్తగారు.

ఇప్పుడు లాభాల దగ్గరికి వద్దాం. గ్రీన్‌హౌస్ దండగ అనేవాళ్లు ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవాలి.

డిసెంబరు, జనవరిల్లో స్ట్రాబెర్రీ నిజంగానే కాసింది. ఒక కాయ. రేగుపండంత. మావారు దాన్ని బ్లేడుతో కోసి ఆదివారం ఆరాధన తర్వాత సంఘంలో పంచారు. తలా ఒక పొర. పులుపో తీపో తేల్చుకునేలోగా నాలుక మీంచి మాయమైంది. అంత తక్కువలో అంతమందిని తృప్తిపరిచే పండు మన జామల్లో ఉందా? బుట్టెడు తిన్నా ఇంకో బుట్ట కావాలంటారు!

రెండో లాభం. మొక్కల సంగతి ఎలా ఉన్నా, వడియాలు అద్భుతంగా ఎండేవి. ఈ సంగతి ముందు కనిపెట్టింది మా అత్తగారు. గుమ్మడి వడియాలు ట్రేలలో పెట్టి బ్రోకలీ పక్కన పెడితే సాయంత్రానికి గలగలమన్నాయి. కాకి రాదు, పిల్లి రాదు, వానకి పరిగెత్తక్కర్లేదు. అప్పడాలు, ఊరమిరపకాయలు, మామిడి తాండ్ర, చివరికి మావారి ఆఫీసు ప్యాంట్లు కూడా అక్కడే ఎండాయి. బుల్లెమ్మగారు గోడ దాటించి తన వడియాలు కూడా పంపేవారు. ప్రపంచంలో ఎక్కడైనా గ్రీన్‌హౌస్ ఇంత మందికి ఉపయోగపడిందా?

మూడో లాభం ఆరోగ్యం. మావారు రోజూ పొద్దున్నే లోపలికెళ్లి ఆకు ఆకునీ పలకరించి బయటికొచ్చేసరికి బొట్టుబొట్టుగా కారుతూ వచ్చేవారు. పొట్ట కొంచెం తగ్గింది. పట్నాల్లో దీన్ని స్టీమ్ బాత్ అంటారు. మాకు లెట్యూస్ ఆకుకూరతో పాటు ఉచితం.

ఇక నా మట్టుకు నాకు కలిగిన లాభం క్రమశిక్షణ. ప్లైవుడ్ సందుల్లోంచి వంటింటి ఘాటు గ్రీన్‌హౌస్‌లోకి పోతోందని ఫిబ్రవరిలో మావారు కనిపెట్టారు. అప్పటి నుంచి వంటకి షెడ్యూలు వచ్చింది.

“కృపా, ఇవాళ ఎండుమిరపకాయలు వేయించకు. క్యాప్సికమ్ పూత మీదుంది.”

“మరి పోపు?”

“ఆవాలు ఒక్కటే వెయ్యి. చిటపటలు తగ్గించి.”

చిటపటలు తగ్గించి ఆవాలు వేయించడం నేను నేర్చుకున్నాను. ఈ విద్య ఇంకెవరికైనా వచ్చా? ఇంగువ మానేశాం, బ్రోకలీకి పడదట. చేపలు వేయించాలంటే ముందురోజే చెప్పాలి. ఆయన వెళ్లి వెంట్లు అన్నీ తెరిచి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ‘ఇంక కానియ్’ అని లోపలికి కేకేసేవారు. మొక్కలకి ఘాటు తగలకుండా ఆ గుడ్డలు భలే ఆపేవి. ఆ ఘాటంతా ఎటు పోయేది అంటారా? నాతోనే, మా అత్తగారితోనే ఉండేది. మాకు అలవాటే.

మార్చిలో ఎండ ముదిరింది. బ్రోకలీ తలవాల్చింది. స్ట్రాబెర్రీ ఆకులు అప్పడాల్లా అయిపోయాయి. ఇంకొకరైతే దిగాలు పడేవారు. మావారు షేడ్ నెట్ తెచ్చారు. ఎండ రావాలని కట్టిన ఇంటి మీద ఎండ రాకుండా ఆకుపచ్చ వల కప్పారు. అదీ చాలకపోతే ఫాగర్లు పెట్టించారు. అంటే గొట్టంలోంచి మంచులాగా నీటి తుంపర చల్లే యంత్రం. అదీ చాలకపోతే గాలి లాగే పెద్ద ఫ్యాను. ఇంకా ఒక మూల గాలి తగలడం లేదని వంటింటి గుమ్మం దగ్గరుండే స్టాండ్ ఫ్యాను కూడా తీసుకెళ్లి లెట్యూస్ ముందు పెట్టారు.

మా అత్తగారు గుమ్మంలో ఖాళీ చోటు చూసి అడిగారు. “ఏరా, ఫ్యానేదీ?”

“లెట్యూస్‌కి పెట్టానమ్మా. ఎండాకాలం అయ్యాక తెచ్చేస్తాను.”

“ఎండాకాలం అయ్యాక నాకెందుకురా?”

మావారు వినలేదు. ఫాగర్ చప్పుడులో వినపడదు.

మేలో ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి ఎండ పెళపెళలాడుతోంది. మా అత్తగారికి పచ్చిరొయ్యలు, మామిడికాయ కూర మీద మనసు పోయింది. ఆ కూర నన్ను చెయ్యనివ్వరు. తన చేత్తోనే చెయ్యాలి. నేను పక్కన ఉల్లిపాయలు తరుగుతున్నాను. పొయ్యి మీద రొయ్యలు ఉడుకుతున్నాయి. గోడలు కూడా ఉడుకుతున్నాయి. ప్లైవుడ్ అవతల గాలి లాగే ఫ్యాను బుర్రుమంటోంది. అది లాగుతున్నది మొక్కల వేడి.

“అత్తయ్యా, మీరు కాసేపు ముందుగదిలో కూర్చోండి. నేను కలుపుతాను.”

“నువ్వు కలిపితే రొయ్య విరుగుద్దే అమ్మాయ్,” అన్నారు. అంటూనే గరిటె జారింది. తర్వాత ఆవిడ జారారు. పొయ్యి గట్టుని పట్టుకుని, మెల్లగా, కూర్చుంటున్నట్టే. నేను పట్టుకునేలోగా తల పక్కకి వాలిపోయింది.

ఒళ్లు కాలిపోతోంది. చెమట కూడా లేదు. “ఏవండీ!” అని అరిచాను. ప్లైవుడ్ మీద చేత్తో బాదాను. అవతల ఫ్యాను. ఆయనకి వినపడలేదు.

పెరటిగుమ్మంలోంచి బుల్లెమ్మగారు పరిగెత్తుకొచ్చారు. తన కూరగిన్నె తీసుకెళ్లడానికి వచ్చారట. ఒక్క చూపు చూసి, ఏమీ అడక్కుండా మా అత్తగారి కాళ్ల వైపు పట్టుకున్నారు.

“ఎక్కడికండీ? ముందుగదిలోకా?”

“ముందుగదిలో కరెంటు లేదండి,” అన్నాను. ఇంట్లో పొద్దుటి నుంచీ కరెంటు పోయింది. గ్రీన్‌హౌస్‌కి మాత్రం మావారు వేరే బ్యాటరీ లైను వేయించారు. మొక్కలు తట్టుకోలేవని.

ఇద్దరం మోసుకుంటూ గ్రీన్‌హౌస్‌లోకి వెళ్లాం. మావారు థర్మామీటరు చూసుకుంటున్నారు. నేను మోచేత్తో బల్ల మీది ట్రేలన్నీ కిందికి తోసేశాను. లెట్యూస్ అంతా నేల మీద పడింది.

“ట్రేలు! కృపా, ట్రే...” అంటూ వెనక్కి తిరిగి వాళ్లమ్మని చూశారు.

చేతిలోని థర్మామీటరు వదిలేశారు. వచ్చి తల కింద చెయ్యి పెట్టారు. బల్ల మీద పడుకోబెట్టాం. నడుం ఎత్తున ఉంది, వంగక్కర్లేకపోయింది. పైనుంచి తుంపర పడుతోంది. లెట్యూస్ ఫ్యాను ఆవిడ మొహానికి తిప్పాను. బుల్లెమ్మగారు చీర కొంగు తడిపి మెడకి చుట్టారు. మావారు “అమ్మా, అమ్మా” అంటూ అరికాళ్లు రాస్తున్నారు. నాకు వెక్కిళ్లు వస్తున్నాయి. వ్యంగ్యం రాసుకునేదాన్నే అయినా, ఆ కాసేపు నా దగ్గర ఏ వ్యంగ్యమూ లేదు.

కాసేపటికి మా అత్తగారు కళ్లు తెరిచారు. కప్పు వంక, ఆకుపచ్చ వల వంక, రాలుతున్న తుంపర వంక చూశారు.

“చల్లగా ఉందే,” అన్నారు సన్నగా. “ఒరే రత్నం, ఇది ఎవరి కోసం కట్టావురా?”

ఆయన ఆవిడ అరికాళ్లు రాస్తూనే అన్నారు. “మొక్కల కోసమమ్మా.”

“అదృష్టవంతులు,” అన్నారావిడ. మళ్లీ కళ్లు మూసుకుని, “పొయ్యి మీద రొయ్యలున్నాయి, మాడిపోతాయి చూడు,” అన్నారు.

నేను లేవబోతే మావారు నన్ను ఆపి తనే వెళ్లారు. అప్పాజీగారు ఎప్పుడు విన్నారో, డాక్టరుని బండి మీద ఎక్కించుకుని వచ్చేశారు. మాటలు మానేసిన సంగతే మర్చిపోయి, “రత్నం గారూ, కంగారు పడకండి, నేనున్నాను,” అని వీధిలోంచే కేకేశారు. డాక్టరు చూసి, ఎండదెబ్బ అన్నారు. సమయానికి చల్లబరిచారు గనక సరిపోయిందన్నారు. సెలైను పెట్టి, “గాలాడని చోట పొయ్యి దగ్గర ఉండనివ్వకండి. ఈవిడనే కాదు, ఎవర్నీ,” అని నా మొహం వంక కూడా ఒకసారి చూశారు.

మావారు వంటింట్లోంచి ఇంకా రాలేదు. వెళ్లి చూశాను. పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతున్నారు. చర్చికి వేసుకెళ్లిన తెల్లచొక్కా వీపుకి అతుక్కుపోయింది. కళ్ల నిండా నీళ్లు. ఉల్లిపాయలో, పొగో, మరోటో నేను అడగలేదు.

“ఎప్పుడూ ఇలాగే ఉంటుందా కృపా?” అన్నారు.

“చేపలు వేయించేటప్పుడు ఇంకొంచెం ఎక్కువగా ఉంటుందండి.”

ఆయన పొయ్యి కట్టేశారు. స్క్రూడ్రైవరు తెచ్చి ఆ ప్లైవుడ్ స్క్రూలు ఒక్కొక్కటే విప్పారు. తుప్పు పట్టి కొన్ని రాలేదు. లాగి పీకేశారు. చెక్కపేడు గుచ్చుకుని అరచెయ్యి చీరుకున్నా చూసుకోలేదు.

ఆ వారమే పోతురాజు వచ్చి షీట్లన్నీ విప్పి, పెరటి అవతలి ప్రహరీ పక్కకి మార్చాడు. అక్కడ చోటు సన్నం గనక పొడుగ్గా బండి గూడులా కట్టాల్సొచ్చింది. అప్పాజీగారు కుర్చీ వేసుకుని కూర్చుని మరీ కట్టించారు. ఇప్పుడు మా వంటింట్లో కిటికీ ఉంది. దాని పైన వేడిగాలి పోవడానికి ఒక ఫ్యాను ఉంది. మా అత్తగారు కిటికీ పక్కన స్టూలు వేసుకుని, నేను కూర కలుపుతుంటే రొయ్య విరుగుతోందని చెబుతూ కులాసాగా ఉన్నారు.

మరి గ్రీన్‌హౌస్ వల్ల లాభమే అని ఇంకా ఎందుకు వాదిస్తున్నానంటారా? అసలు లాభం ఇప్పుడు చెబుతాను.

ఈ గొడవంతా సద్దుమణిగాక ఓ రోజు బుల్లెమ్మగారు వచ్చారు. మా వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వాళ్ల వంటింటికి ఒకప్పుడు కిటికీ ఉండేదట. కొబ్బరికాయలు పోసుకునే గది కట్టినప్పుడు ఆ గోడ వచ్చి కిటికీని మింగేసిందట. కాయలకి గాలాడాలని ఆ గదికి మాత్రం రెండు కిటికీలు పెట్టారట. రెండో వైపు గోడకి ఒక కిటికీ కొట్టించమని అడుగుతూనే ఉన్నారట. అప్పాజీగారు “చూద్దాంలే” అంటూనే ఉన్నారట.

“కృపమ్మగారూ, ఒక మొక్క ఇస్తారా?” అని అడిగారు.

“ఏ మొక్కండీ?”

“ఏదైనా పర్లేదండి. తొందరగా వాడిపోయే రకం అయితే చాలు.”

నాకు అర్థం కాలేదు. ఉన్నవాటిలో నీరసంగా ఉన్న చెర్రీ టమాటా ఒకటి కుండీతో సహా ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకెళ్లి వంటింట్లో, పొయ్యికి ఎదురుగా పెట్టారు. నీళ్లు పొయ్యలేదు. అది రెండు రోజుల్లో తల వాల్చేసింది. అప్పుడు భర్తని పిలిచి చూపించారు.

అప్పాజీగారు కుండీ ముందు గొంతుక్కూర్చుని ఆకులు తడిమి చూశారట. “రత్నం గారింట్లో బతికిన మొక్క మనింట్లో చావడమేంటి?” అని మండిపడ్డారట. “దీనికి గాలాడక ఇలా అయిపోయింది. ఆ మాత్రం తెలీదేంటి నీకు?” అని ఆవిడనే కేకలేసి, మర్నాడు పొద్దున్నే తాపీమేస్త్రిని తీసుకొచ్చి గోడ కొట్టించేశారు. పెద్ద కిటికీ. వేడిగాలి పోవడానికి పైన ఒక వెంట్ కూడా!

నన్ను పిలిచి చూపించారు బుల్లెమ్మగారు. గోదావరి మీంచి వచ్చే గాలి నేరుగా పొయ్యి దాకా వస్తోంది. ఆవిడ ఆ గాలికి ఎదురుగా నిలబడి, మెడ మీద చెమట ఆరుతుంటే కళ్లు మూసుకున్నారు.

“నేను పాతికేళ్ల నుంచి ఇదే గదిలో వాడిపోతున్నానండీ,” అన్నారు నవ్వుతూనే. “ఆయన కంట పడలేదు. ఆ మొక్క రెండ్రోజులు వాడిపోయేసరికి గోడే బద్దలుకొట్టేశారు.”

నవ్వుదామని చూశాను. సగంలో ఆగిపోయింది.

అందుకే, పాఠక మహాశయులారా, మీ పెరట్లో తప్పకుండా గ్రీన్‌హౌస్ కట్టించుకోండి. గుమ్మటమా, గూడా, పెంకుటిల్లా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. మేమేం అడ్డు రాము. మా గ్రీన్‌హౌస్‌లో ఇప్పుడు స్ట్రాబెర్రీలు, బ్రోకలీలు మానేశాం. ఒకటే పంట వేస్తున్నాం, తొందరగా తల వాల్చేసే రకం. మా వీధిలో ఇప్పటికే చాలామంది ఆడవాళ్లు తలా ఒకటి పట్టుకెళ్లారు. రోజూ పొద్దున్నే ఏదో ఒక ఇంట్లోంచి గోడ కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

కావలసిన అక్కచెల్లెళ్లు కుండీ తెచ్చుకోండి. దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు మాత్రం పొయ్యకండి.